జీర్ణోద్ధరణ

దేవాలయం శిథిలమైతే ఉన్నదానిని నిలబెట్టే పనికి మన పెద్దలు ‘జీర్ణోద్ధరణ’ అని పేరు పెట్టి, కొత్త గుడి కట్టించడంతో సమానమైన గౌరవమిచ్చారు. మూలవిరాట్టు శక్తిని బాలాలయంలోకి ఆవాహన చేసి, పగిలిన రాతిని మార్చి, ఒరిగిన శిఖరాన్ని సరిచేసి, తిరిగి గర్భగుడిలో దీపం వెలిగించినప్పుడే ఆ పని పూర్తయినట్లు లెక్క. గోడలకు సున్నం కొట్టి, తలుపుకు తాళం వేసి వస్తే అది జీర్ణోద్ధరణ కాదు. ఇంత పవిత్రమైన మాటను నేనొక కారు విషయంలో వాడబోతున్నాను. పండితులు నొచ్చుకోవచ్చు. కాని ఇంతకంటె తగిన మాట నాకు దొరకలేదు.

పులివెందులలో మా ఇంటి పెరట్లో, వేపచెట్టు కింది రేకుల కొట్టంలో, మా నాయన కొన్న అంబాసిడర్ కారు ఇరవై ఏళ్ళకు పైగా కదలకుండా ఉండిపోయింది. 1978 నాటి బండి. చీనీకాయల బేరాలకు, పెండ్లిళ్ళకు, అర్ధరాత్రివేళ పురిటినొప్పులు పడుతున్న ఆడవారిని కడప ఆసుపత్రికి చేర్చడానికి అది తిరిగింది. నాయన కాలం చేసిన తరువాత దానిమీదికి వేరుశనగ పొట్టు బస్తాలు ఎక్కాయి. వెనుక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ఏటా ఒకసారి పాత ఇనుము వ్యాపారి వచ్చి, టన్నుకు పైగా తూగుతుందని చెప్పి, తూకం మీద ధర కట్టేవాడు. ఇచ్చివేయడమే మేలని ఇంటిల్లిపాదీ అనేవారు. వారి మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఆలోచించి చెబుతానని అతణ్ణి పంపివేసేవాడిని.

ఈ కారు చరిత్ర నేటి విద్యార్థులకు అంతగా తెలియదు. 1942లో ఏర్పడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ, ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మూడవ శ్రేణిని నమూనాగా తీసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1957 నుంచి అంబాసిడర్లను తయారుచేసింది. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయేవరకు దాని ఆకారం పెద్దగా మారలేదు. 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కనే గేరు, వెనుక కమానుకట్టలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, ఇవీ మా బండి లక్షణాలు. లైసెన్సుల కాలంలో డబ్బు ముందుగా కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గాని ఇది ఇంటికి వచ్చేది కాదు. మంత్రికీ, కలెక్టరుకూ, టాక్సీ నడిపి బతికేవాడికీ ఇదే వాహనం. ఇది లోపం లేని యంత్రమని నేననను. స్టీరింగు బరువు, బ్రేకు బరువు, మా ఊరి ఎండాకాలంలో లోపల కొలిమి. కాని దీనికొక సుగుణముంది. బానెట్టు ఎత్తితే భాగాలన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి. ఇంటి పెరట్లో దీనిని బాగుచేసుకోవచ్చునన్న ధైర్యం దానివల్లనే కలుగుతుంది.

వస్తువు కొత్తగా ఉన్నప్పుడు యజమాని కాపాడుతాడు. బాగా ప్రాచీనమైనప్పుడు ప్రదర్శనశాల కాపాడుతుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారును చూసినవారికి ఈ సంగతి తెలుసు. గండమంతా నడివయసులోనే ఉంది. మన చట్టం కూడా ఆ గండాన్ని తప్పించడం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి 5 ఏళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2021 జూలైలో వెలువడిన కేంద్ర నిబంధనలు 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడని వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా గుర్తించి, వాటికి ‘వి.ఏ.’ అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తున్నాయి. సంతోషమే. అయితే 15వ ఏట ముసలిదై, 50వ ఏట వారసత్వ సంపదగా మారే వస్తువు నడుమనున్న 35 ఏళ్ళు ఎవరి దయమీద బతకాలి? 2022 ఏప్రిల్ నుంచి పాత కారు రిజిస్ట్రేషను పొడిగింపునకు రుసుము 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు దానిని 10,000 చేశారు. మా కారుకు 50 ఏళ్ళు నిండేది 2028లో. ఆ లోపల దానిని తూకానికి అమ్ముకొమ్మన్నట్లే ఉంది ఈ ఏర్పాటు.

మన సాహిత్యానికి కూడా ఇటువంటి గండం వచ్చింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చేనాటికి మన ప్రబంధాలు కొత్త కావ్యాలు కావు, పురావస్తువులూ కావు. అటకల మీద చెదలు తింటున్న తాటాకు కట్టలు. ఆయన కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయం వెలసింది. ఆ తాటాకులు మరో వందేళ్ళు పాతబడ్డాక చూద్దాములే అని బ్రౌను ఊరుకొని ఉంటే, నేను డాక్టరేటు కోసం చదివిన గ్రంథాలలో ఎన్ని మిగిలేవో చెప్పలేను. కొట్టంలోని కారును చూసినప్పుడల్లా నాకు ఆ కట్టలే గుర్తుకు వచ్చేవి.

2022 వేసవి సెలవులలో పని మొదలుపెట్టాం. ఒకప్పుడు మా ప్రాంతంలో జీపులకూ, అంబాసిడర్లకూ పేరుపడ్డ ఒక మెకానిక్కు దగ్గరకు వెళ్ళాను. డెబ్బై దాటినవాడు. చేయి కొద్దిగా వణుకుతుంది గాని చెవి మాత్రం చురుకు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, “సారూ, పరిగెత్తిచ్చేది మళ్ళ చూద్దాం. ముందు నిలబెట్టేది చూసుకుందాం” అన్నాడు. ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన ఇంజను జోలికి పోకుండా చక్రాలు విప్పాడు. డ్రమ్ముల లోపలి సిలిండర్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. రబ్బరు కప్పులు రాళ్ళయ్యాయి. మాస్టరు సిలిండరు మొదలు బ్రేకు గొట్టాలు, షూల వరకు అన్నీ మార్చాం. టైర్లు చూపులకు బాగానే ఉన్నాయి, అరుగుదల లేదు. కాని పక్కలనిండా సన్నని పగుళ్ళు. “నిలిచిన బండికి టైరు అరగదు భాయ్, మరి ఎందుకు మార్చాలి?” అని నేనడిగితే, “అరగదు, కుళ్ళుతాది” అన్నాడు. ఎలుకలు కొరికిన వైర్లకు అతుకులు వేయనీయలేదు. పాత వైరూ, పాత పెట్రోలు గొట్టమూ ఒకచోట చేరితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంజను దగ్గర నాకు తొందర పుట్టింది. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పుదామన్నాను. ఆయన కోప్పడ్డాడు. పట్టేసిన పిస్టన్లను బలవంతంగా కదిపితే రింగులు విరుగుతాయి, సిలిండరు గోడలు గీసుకుపోతాయి. స్పార్కు ప్లగ్గులు తీసి, నాలుగు రంధ్రాలలో నూనె పోసి వదిలివేశాం. రోజూ సాయంకాలం నేను ముందువైపు హ్యాండిలు పెట్టి మెల్లగా ఒత్తి చూసేవాడిని. ఎనిమిదో రోజున అది వెంట్రుకవాసి కదిలింది. ఛందస్సు తప్పుతున్న పద్యానికి సరైన పాఠం దొరికినప్పుడు కలిగే సంతోషం నాకు అలవాటైనదే. ఇది దానికి తీసిపోలేదు. పెట్రోలు ట్యాంకు అడుగున జిగురుగా మారిన పాత పెట్రోలును పారబోసి, పాపఘ్ని ఒడ్డున ఏరిన గులకరాళ్ళు అందులో వేసి, ఇద్దరు మనుషులు చెరొకవైపు పట్టుకొని ఊపితే తుప్పు చాటెడు రాలింది. దొరకని భాగాల కోసం విజయవాడ ఆటోనగరులోనూ, చెన్నై పుదుపేటలోనూ విచారించాం. ఎక్కడా దొరకని ఒక బుష్షును ప్రొద్దుటూరులో లేతు మిషను మీద కొలతకు తిప్పించుకొన్నాం.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. తలుపుల అడుగున తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు వేయాలని ఆయన అంటే, అంత పని ఎందుకని నేను పైన పుట్టీ పెట్టించి రంగు వేయించాను. కారు పెండ్లికొడుకులా మెరిసింది. ఒక్క వానకాలం గడిచేసరికి రంగు ఉబ్బి, పుట్టీ పెచ్చులుగా ఊడింది. లోపల తుప్పు మునుపటికంటె లోతుకు పోయింది. గ్రంథపాతం ఉన్నచోట ఖాళీ వదిలి చుక్కలు పెట్టక, సొంత పద్యం అల్లి ఇరికించిన పరిష్కర్తలను నేను తరగతిలో ఎన్నోసార్లు నిందించాను. ఆ పనినే నా చేతులతో చేశాను. తరువాత రేకు కోయించక తప్పలేదు.

పాత కారును బాగుచేసేవారు ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అని నన్నడిగితే, ప్రాణరక్షణకు సంబంధించినది ఏదైనా మార్చవచ్చునంటాను. బ్రేకులు, టైర్లు, వైర్లు, దీపాలు ఇందులోకి వస్తాయి. మా కారు ముందు సీట్లకు బెల్టులు బిగించాం. అవి మూలంలో లేవు. వాటిని ప్రక్షిప్తమని ఎవరైనా అంటే ఒప్పుకొంటాను, తీయను. ఆకారాన్నీ, ఇంజనునూ మాత్రం వీలున్నంతవరకు ముట్టుకోరాదు. కొందరు పెట్రోలు ఇంజను తీసివేసి వేరే వాహనపు డీజిలు ఇంజను దించారు. బతుకుతెరువు కోసం ఆ పని చేసిన టాక్సీవారిని నేను తప్పుపట్టను. వారివల్లనే ఎన్నో బండ్లు ఈనాటిదాకా మిగిలాయి. వెండిరంగు చక్రాలు, పులిచారల సీట్లు తగిలించి పెండ్లి ఊరేగింపులో నిలబెట్టడానికే బాగుచేయించేవారిని చూస్తేనే నాకు బాధ.

పాత ఇంజను పొగ మాటేమిటని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇటువంటి బండికి పొగను శుద్ధిచేసే పరికరం లేదు. కిలోమీటరుకు అది వదిలే విషవాయువులు నేటి కారుకంటె ఎక్కువ. కొత్త కారు తయారీకి కూడా బోలెడు ఇంధనం ఖర్చవుతుందనే వాదన ఒకటి ఉంది గాని, పాత బండిని రోజూ బజారుకు తిప్పడానికి దానిని సాకుగా వాడుకోరాదు. నెలకు ఒకటి రెండు రోజులు తిరిగితే చాలు, యంత్రం ఆరోగ్యంగా ఉంటుంది. ఇక ఖర్చు. ఆ డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ కారు వచ్చేదన్న మాట మా ఇంట్లో నేటికీ వినబడుతూనే ఉంది. అది నిజం కూడా.

చారిత్రక వాహనానికి 30 ఏళ్ళు నిండితే చాలునని అంతర్జాతీయ ప్రాచీన వాహన సమాఖ్య నిర్వచించింది. జర్మనీలో 30 ఏళ్ళకు, బ్రిటన్‌లో 40 ఏళ్ళకు ప్రత్యేక హోదా లభిస్తుంది. మనదేశంలోనూ 30 ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉండి, నిత్యం తిరగని వాహనాలకు ఒక మధ్యస్థమైన తరగతి ఉండాలని నా అభిప్రాయం. తనిఖీ ఎంత కఠినంగానైనా ఉండనివ్వండి, రుసుము మాత్రం శిక్షలా ఉండరాదు. వాహనంతోపాటు మరొకటి కూడా ఇక్కడ ఆధారపడి ఉంది. ట్యాపెట్ల నడుమ ఖాళీ ఎంతుండాలో పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ ఖాళీ సరిగా కుదిరినప్పుడు వినిపించే చప్పుడు పుస్తకంలో లేదు, అది ఆ మెకానిక్కు చెవిలో ఉంది. 50 ఏళ్ళు నిండేదాకా బండి ఆగగలదేమో గాని ఆయన ఆగలేడు. పులివెందులలో 2006 నుంచి ఇంజనీరింగు కళాశాల ఉంది. అక్కడి పిల్లలు ఒక్క సెలవు ఆయన పక్కన కూర్చుంటే ఎంత బాగుండును!

2023లో రిజిస్ట్రేషను పొడిగింపు కోసం కారును తనిఖీకి తీసుకువెళ్ళాం. అధికారి తానే కూర్చొని, వేగం పెంచి, ఒక్కసారిగా బ్రేకు తొక్కారు. బండి ఏ పక్కకూ లాగకుండా నిలబడింది. మెకానిక్కు నావైపు చూసి తలాడించాడు. పని ముగిశాక గండి ఆంజనేయస్వామిని దర్శించుకొని ఇంటిముఖం పట్టాం. ఆయన ముందు సీటులో కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకొన్నాను. వేముల దాటాక కళ్ళు తెరవకుండానే, “మూడో ట్యాపెట్టు రవంత వదులుండాది సారూ. ఇంటికి పోయినాక చూద్దాం” అన్నాడు.