ఱాళ్ళలో ముందు వెనుకలు

సంక్రాంతికి మనము గోడలకు సున్నము వేయింతుము. ఎక్కడనైన పెచ్చు లేచినచో పొరమీద పొర కానవచ్చును. అడుగు పొర ముందు వేసినది, మీది పొర వెనుక వేసినది. ఇది తెలియుటకు ఏ శాస్త్రమును చదువ నక్కఱలేదు. కాని భూగర్భ శాస్త్రమునకు మొదటి మెట్టు ఇదియే. డెన్మార్కు దేశీయుడగు స్టెనో ఇటలీలోని టస్కనీ కొండలను పరిశీలించి, 1669వ సంవత్సరమున ఈ సూత్రమును ప్రకటించెను. నీటియడుగున ఇసుకయు ఒండ్రును పేరుకొని శిలలైన చోట, క్రింది పొర ప్రాతది, పై పొర క్రొత్తది.

రెండవ సూత్రమును గోడయందే కలదు. బీట యెన్ని పొరలను చీల్చెనో వాని యన్నిటికంటెను అది తరువాతిది. బీటమీద నొక పొర చెక్కుచెదరక యున్నచో, ఆ పొర బీటకును తరువాతిది.

ఈ రెండింటికిని మన తిరుమల కొండయే సాక్షి. ఘాటురోడ్డు ప్రక్క అడుగున గ్రానైటు శిల, దానిపై పలకలు పేర్చినట్లు క్వార్ట్‌జైటు శిల కానవచ్చును. ఈ రెండవది ఒకనాటి ఇసుకయే. గ్రానైటును చీల్చుకొని నల్లని డోలరైటు శిల గోడలవలె చొచ్చినది. కాని యది పై శిలలోనికి పోక, సరిహద్దు కడనే ఆగిపోయినది. కావున ముందు గ్రానైటు, పిమ్మట డోలరైటు, కడపట ఇసుక అని తేలుచున్నది.

అయితే గ్రానైటు భూమిలో లోతున గట్టిపడునది. అది పైకి తేలవలెనన్న, దానిమీది శిలలన్నియు ఎండకు వానకు అరిగి కొట్టుకొని పోవలెను గదా! అంతటి కాలమునకు అచట ఒక్క పొరయైన మిగులలేదు. రెండు శిలల నడుమ ఒక గీత మాత్రమే యున్నది.

ఒక జాగ్రత్త కలదు. భూమి కదలికలవలన పొరలు మడతపడి తలక్రిందులగుటయు కలదు. అట్టిచోట, అలలు ఇసుకపై దిద్దిన గుర్తులు మొదలగువానిని చూచి, ఏది పైవైపో నిర్ణయింతురు. దూరప్రదేశముల పొరలను పోల్చుటకు శిలలలోని ప్రాచీన జీవుల యవశేషములు తోడ్పడును. ఇంగ్లండులో కాలువల పనిచేసిన విలియం స్మిత్తు ఈ విధమున పొరలను గుర్తించి, 1815లో ఆ దేశపు శిలల పటమును వెలువరించెను. తిరుమల శిలలు మాత్రము శంఖములు, చిప్పలు గల జీవులు పుట్టుటకు పూర్వపువి.

ఈ సూత్రములు ఏది ముందో చెప్పునే గాని, ఎన్ని యేండ్లో చెప్పవు. శిలలలోని యురేనియము వంటి ద్రవ్యములు క్షీణించు వేగమును బట్టి ఏండ్లు లెక్కించుట 20వ శతాబ్దమున అలవడినది. ఆ లెక్కను తిరుమల గ్రానైటు వయస్సు 200 కోట్ల సంవత్సరములకు పైబడినది. ఆ సన్నని గీతలో అణగియున్న కాలము కోట్లకొలది సంవత్సరములు!

పొర మిగులనంత మాత్రమున కాలము గడవలేదనరాదు. మన ముత్తవ్వల పేర్లు ఏ గ్రంథమునను లేవు. అయినను వారు వండిరి, కనిరి, పెంచిరి. వారిమీదనే మనము నిలిచియున్నాము. కొండకేగు సోదరీమణులు ఈసారి ఆ గీతను పిల్లలకు చూపి, ఏది ముందో వారినే చెప్పుమనవలెనని మా కోరిక.