పుట్టిలో అమ్మీ ఫోటో ఎందుకు లేదు?

మన అనంతపురం వాళ్లకు పుట్టి ఎక్కే మోకా ఊరికే దొరకదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే జిల్లా. చెరువు నిండిన ఏడాదో, లేదంటే హంపి దాకా వెళ్లి తుంగభద్రలోనో ఎక్కాల్సిందే. అందుకే ఎక్కినప్పుడు అందరూ తస్వీర్ కావాలంటారు. కానీ మన ఇళ్లలోని పాత ఆల్బములు తీసి చూడండి. పుట్టిలో అబ్బా ఉంటారు, మామూ, చాచా ఉంటారు, పిల్లలుంటారు. అమ్మీ, ఖాలా ఉండరు. వాళ్లు రాలేదా? బిర్యానీ దేగ్చీ మోసుకొచ్చిందే వాళ్లు!

కారణం కెమెరాలోని రీలు. 36 ఫోటోలు అయ్యాక దాన్ని బజారులో స్టూడియోకి ఇవ్వాలి. అక్కడ ఎవరో గైర్ మర్ద్ దాన్ని కడిగి, ప్రింటు వేస్తాడు. మన ఆడవాళ్ల మొహాలు మనకంటే ముందు అతను చూస్తాడు. చాలా ఖాందాన్లకు అది మంజూర్ కాలేదు. తస్వీర్ జాయజా, నాజాయజా అన్న బహస్ ఆలిములకే వదిలేస్తాను. మగవాళ్లు మాత్రం హాయిగా తీయించుకున్నారు కదా.

1975లో కోడాక్‌లో స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరా చేసినప్పుడు ఆయనకు మన పర్దా సంగతి ఏం తెలుసు? 2012లో ఆ కోడాకే దివాలా పిటిషన్ వేస్తే, ఫిలిం జమానా పోయిందని ఎందరో అఫ్సోస్ పడ్డారు. నాకు మాత్రం మధ్యలోంచి స్టూడియోవాలా తప్పుకోవడమే పెద్ద సంగతి.

ఇంకో ఫాయిదా నీళ్ల మీదే తెలుస్తుంది. ఎండకు మెరిసే నీళ్లను చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది. నల్ల బుర్ఖాలో కూర్చున్న ఖాలా బొగ్గుమూటలా వస్తుంది. రీలు రోజుల్లో ప్రింటు చేతికొచ్చేదాకా ఆ సంగతి తెలిసేదే కాదు. ఇప్పుడు ఫోను తెర మీద ఆమె మొహం దగ్గర వేలు పెడితే వెలుతురు సరిపోతుంది. బాగా రాకపోతే అక్కడే మళ్లీ తీయొచ్చు. ఫోనును ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడకు తగిలించుకోండి. పుట్టివాడు గిర్రున తిప్పితే నీళ్లు ఒళ్లోకే వస్తాయి.

నాకు గుస్సా వచ్చేది ఇక్కడే. స్టూడియోలో ఒక్కడు చూస్తాడని జంకిన ఖాందాన్లే ఇప్పుడు గట్టెక్కకముందే ఆ ఫోటోను వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నాయి. ఒకరు స్టేటస్ పెడతారు, ఇంకొకరు ఎవరికో ఫార్వర్డ్ చేస్తారు. ఆపాని ఎవరైనా అడిగారా? ఆమె ఇజాజత్ ఇచ్చింది ఫోటో తీయడానికే. తీసినవాడి చేతిలో అది అమానత్. పంపేముందు అడగండి. వద్దంటే ఎందుకని నిలదీయకండి. పర్దా పాటించని అమ్మాయికీ ఈ హక్ ఉంది.

ముందు ఆమె ఫోనుకే పంపండి. ఫోను లేని నానీకైతే, ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు ఒక కాపీ తీసి చేతికివ్వండి.