పండుగ శుక్రవారానికి జరిగితే తప్పేంటి?

ఖతర్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఉగాది ఏ వారం వచ్చినా, నలుగురూ కలిసి జరుపుకునేది చాలావరకు శుక్రవారమే. సద్దుల బతుకమ్మ కూడా అంతే. ఇంటికి ఫోన్ చేసి ఈ మాట చెబితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ‘తిథి దాటినాక అదేం పండుగరా?’ అంటారు. ఇక్కడున్న వాళ్లలో కూడా కొందరిది అదే మాట. గల్ఫ్‌కొచ్చాక ఆచారాలన్నీ పలచబడిపోయాయని, ఇలాగైతే రేపు పిల్లలకు ఏమీ మిగలదని వాళ్ల దిగులు. ఆ దిగులును తీసిపారేయలేం. కానీ మనం దిగులు పడాల్సిన విషయం అది కాదు, వేరే ఉందని నా అభిప్రాయం.

రోజు మార్చుకున్నది మనమొక్కళ్లమే కాదు. దోహాలో మెసైమీర్ దగ్గర చర్చిల సముదాయం ఉంది. ఎమిర్ ఇచ్చిన స్థలంలో కట్టిన రోజరీ మాత చర్చి 2008 మార్చిలో అక్కడ ప్రారంభమైంది. బయటికి శిలువ కనిపించదు, గంట వినిపించదు. ఆదివారం అందరికీ డ్యూటీ కాబట్టి జనం ఎక్కువగా వచ్చేది శుక్రవారం. గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికొచ్చిన అక్కచెల్లెళ్లు వారమంతా చాకిరీ చేసి, సెలవు దొరికిన ఆ ఒక్క పూట ప్రార్థనకు పోతారు. ఆదివారం కాదు కదా అని ఆ ప్రార్థన దేవుడికి చేరకుండా పోతుందా?

మనకు పనిచ్చిన దేశాలు కూడా ఉన్నచోటే నిలబడలేదు. ఎమిరేట్స్ 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసుల వారపు సెలవును శని, ఆదివారాలకు మార్చుకుంది, శుక్రవారం సగం పూట పని పెట్టింది. అబుదాబిలో 2024 ఫిబ్రవరి 14న పెద్ద రాతి గుడి ప్రారంభమైంది. ఖతర్‌లో అలాంటి గుడి లేదు. ఇక్కడి కట్టుబాటు వేరు, దాన్ని మనం గౌరవించాలి. క్యాంపు గదిలో మన వెంకన్న బీరువా తలుపు లోపలి వైపున ఉంటాడు. పక్క బీరువాలో మరియమ్మ, ఆ పక్కదాంట్లో మక్కా పటం. ఒకే గది, ఎవరి దండం వాళ్లది, ఎవరికీ ఇబ్బంది లేదు.

రంజాన్ సంగతే చూడండి. 2004 నాటి ఖతర్ కార్మిక చట్టం ప్రకారం మామూలు రోజుల్లో వారానికి 48 గంటల పని, రంజాన్ నెలలో 36 గంటలు. రోజా ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే లెక్క. వాళ్ల ఉపవాసం వల్ల మన ఒంటికి కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. మనం కూడా పగటిపూట వాళ్ల ముందు టీ గ్లాసు ఎత్తం. మొదట్లో ఇది చట్టానికి భయపడి చేసిందే కావచ్చు. నాలుగేళ్లు కలిసి పనిచేశాక అదే మర్యాద అయిపోయింది.

ఇదేమీ కొత్తగా పుట్టిన సంగతి కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి కథ మనందరం విన్నదే. సురటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే ఉద్యోగి. పని మీద ఉజ్జయినికి వెళ్లాడు. 1813లో మన దగ్గర అంటురోగం ప్రబలితే, అది తగ్గాక గుడి కడతానని అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో చెక్క విగ్రహం పెట్టాడని చెబుతారు. అంటే పొట్ట చేతపట్టుకుని దూరం పోయిన ఒక మామూలు మనిషి తెచ్చిన మొక్కు, ఇవాళ ఊరంతటి జాతర. ఆ బోనాలు కూడా అన్నిచోట్లా ఒకే రోజు జరగవు. గోల్కొండలో ఒక వారం, సికింద్రాబాద్‌లో ఒక వారం, లాల్‌దర్వాజలో ఇంకో వారం. దానివల్ల అమ్మవారి మహిమ తగ్గిందని ఎవరూ అనలేదే!

ఇంకో మాట. మనం ఇవాళ అరబ్బుల దేశానికి వచ్చినట్టే, ఒకప్పుడు అరబ్బులు మన దగ్గరికి నౌకరీకి వచ్చారు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డారు. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయిందంటారు. రంజాన్‌లో ఇక్కడి ఇళ్లలో వండే హరీస్‌కు అక్కడ మన మసాలాలు తగిలి హలీమ్ అయింది. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వంట మారింది, రుచి పెరిగింది. వాళ్ల దీను మాత్రం చెక్కుచెదరలేదు.

కాబట్టి రోజు మారిందని బాధపడక్కర్లేదు. బాధపడాల్సింది మనిషిని వదిలేస్తున్నందుకు. దోహాలో హాలు తీసుకుని సంఘాలవాళ్లు ఎంతో కష్టపడి పండుగ చేస్తారు, కాదనను. కానీ అక్కడికి వచ్చేది ఎక్కువగా కుటుంబాలతో ఉండేవాళ్లే. సనయ్యలో, లేబర్ క్యాంపుల్లో ఉన్నవాడికి కంపెనీ బస్సు సైటుకూ క్యాంపుకూ తప్ప ఇంకెక్కడికీ పోదు. శుక్రవారం కూడా ఓటీ ఉంటే ఆ సెలవూ లేదు. వాడు బతుకమ్మను చూసేది వాట్సాప్‌లో. తంగేడు, గునుగు పూలు దొరకలేదని బాధపడతాం, బంతి, చామంతులతో సర్దుకుంటాం. మరి మనిషి కనపడకపోతే దేనితో సర్దుకుంటాం?

పండుగ కంటే చావు దగ్గర ఇది బాగా తెలుస్తుంది. మా సైటులో ఒక అన్నకు తండ్రి పోయిన కబురు పొద్దున షిఫ్టులో వచ్చింది. సెలవు కాగితాలు కదిలేసరికి అక్కడ పాడె లేచింది. తమ్ముడు తలకొరివి పెడుతుంటే ఈయన ఫోన్‌లో చూశాడు. పదో రోజు గదిలోనే తోటివాళ్లు గుండు చేశారు. స్నానానికి నీళ్లు తోడింది నిజామాబాద్ ముస్లిం తమ్ముడు, పప్పన్నం వండింది నేపాలీ. శాస్త్రం ఒప్పుతుందా అని ఆయన నన్నడిగాడు. నేను పంతుల్ని కాను. నాకు తెలిసిందల్లా ఒకటే. తండ్రి కోసం అంత దుఃఖపడిన కొడుకు కర్మ తక్కువయ్యేది కాదు. ఆ గదిలో నలుగురు లేకపోయి ఉంటే మాత్రం ఆయన ఒంటరిగా ఏమైపోయేవాడో చెప్పలేను.

అందుకే నా విన్నపాలు మూడు. సంఘాల పెద్దలూ, ఏడాదిలో ఒక్క పండుగైనా సనయ్య వైపు, డ్యూటీ దిగినవాడికి అందే వేళకు, అనుమతులన్నీ తీసుకుని పెట్టండి. లేదంటే హాలుకు నాలుగు బస్సులు మాట్లాడండి. ఫోర్‌మన్, సూపర్‌వైజర్ అన్నలూ, సెలవు ఇవ్వడం మన చేతిలో లేకపోవచ్చు. షిఫ్టు మార్చడం, చావు కబురొచ్చిన రోజు మనిషిని స్కాఫోల్డింగ్ ఎక్కనీయకుండా కింద పనిలో పెట్టడం మన చేతిలో పనే. ఇక గదిలో తమ్ముళ్లారా, పక్క మంచం వాడి పండుగ ఏదో, వాడి ఇంటి కష్టం ఏదో తెలుసుకోండి.

తిథి పంచాంగంలో ఎప్పుడూ ఉంటుంది, ఊరికి పోయినప్పుడు పట్టుకోవచ్చు. పక్కనున్న మనిషి చేయి జారిపోతే మళ్లీ పట్టుకోలేం.