ఆవగింజంత భూమి

మొన్న ఒక పాఠశాలవారు విజ్ఞాన ప్రదర్శనకు పిలిస్తే వెళ్ళాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గ్రహాలతో ఏమి పని అని అడగవచ్చు. పంచాంగంలోని నవగ్రహాలు మన భాషలోనే గదా కాపురముంటున్నవి! బల్లమీద థర్మాకోలు శనిగ్రహం రంగుల వలయాలతో మెరుస్తున్నది. ప్రక్కన నిలబడిన పిల్లవాడు గుక్కతిప్పుకోకుండా పాఠం అప్పజెప్పాడు. "ఈ శనిని ఆకాశంలో ఎప్పుడైనా చూశావా నాయనా?" అన్నాను. బిక్కమొహం వేశాడు. ఆ బొమ్మ బజారులో కొన్నదట. బహుమతి దానికే వచ్చింది.

దీనిని 'కృత్యాధార బోధన' అంటున్నారు. చేసినవాడు అంగడివాడు; డబ్బు చెల్లించినవాడు తండ్రి; మెచ్చుకున్నవాడు ముఖ్య అతిథి. ఇందులో పిల్లవాడు చేసిన కృత్యమేది?

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగింది. ఒకవంక జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలిస్తూంటే, మరొకవంక పట్టణాల వీధులు నిర్మానుష్యమైనవి. తలుపులు బిగించుకున్నవారిలో, చంద్రుని నీడయే సూర్యగ్రహణమని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారు లేరా? ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే చెప్పిన మాట అది. సమాధానం నోటికి వచ్చింది, నమ్మకం మాత్రం కుదరలేదు. ఎందుకు? పురోహితుడు రాహువన్నాడు, విన్నారు. ఉపాధ్యాయుడు నీడ అన్నాడు, అదీ విన్నారు. విన్న మాటలు రెండు పోటీపడితే, భయం తోడున్నదే గెలుస్తుంది.

ఇక్కడ మన అభ్యుదయ మిత్రులనూ ఒక మాట అనక తప్పదు. రాహుకేతువులను తిడుతూ ఎన్ని ఉపన్యాసాలిచ్చాం! అవి గోళాలే కావని, ఆకాశంలో చంద్రుని బాట సూర్యుని బాటను ఖండించే రెండు బిందువులని ఎందరు విద్యార్థులచేత గీయించాం? తిట్టు విజ్ఞానం కాజాలదు.

పరికరాలకు డబ్బేదీ అంటారా? పీచు వలిచిన కొబ్బరికాయ ఒకటి తీసుకోండి. సుమారు 11 సెంటీమీటర్ల ఆ కాయ సూర్యుడైతే, ఒక మిల్లీమీటరు సన్న ఆవగింజ మన భూమి. దానిని కాయకు 12 మీటర్ల దూరాన పెట్టాలి. గురుడు కుంకుడుగింజంత; 61 మీటర్లు నడవాలి. నెప్ట్యూన్ పెసరగింజంత; దానికి 350 మీటర్లు, అంటే బడి గేటు దాటి బజారున పడాలి. గోడపటంలో గ్రహాలు పూసలదండలా ఒకదాని నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఆ పటం అబద్ధమని పిల్లల కాళ్ళే చెబుతాయి. పెసరగింజ దగ్గర నిలబడి వెనుదిరిగి చూస్తే ఆవగింజ కనబడదు. కనబడని ఆ గింజమీదనే మన కులాలూ, సరిహద్దులూ, ముహూర్తాలూ!

ఆవరణలో కర్ర నాటి, గంటగంటకూ నీడ కొసను సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. ఆగస్టు తొలివారంలో, మబ్బు కరుణిస్తే, హైదరాబాదులో ఒక మధ్యాహ్నం ఆ నీడ కర్ర మొదట్లోకే ఇంకిపోతుంది. అరువు తెచ్చిన బైనాక్యులరును గోడకు ఆనించి నాలుగు రాత్రులు గురుణ్ణి చూపండి. 1610లో గెలీలియో కనిపెట్టిన ఉపగ్రహాలు చోట్లు మారడం పిల్లలే పట్టుకుంటారు.

"ఇవన్నీ పరీక్షలో రావుగదా!" అంటారు మాస్టర్లు. గ్రహాలు తొమ్మిదని తరాల తరబడి వల్లె వేయించాం. 2006లో ప్లూటోను ఆ జాబితానుండి తీసివేశారు. వల్లించినవానికి ఒక పేరు తగ్గింది, అంతే. ఎందుకు తీసివేశారని అడిగినవానికే విజ్ఞానం దక్కింది.

చేతితో చేసేవాడు తక్కువ, నోటితో చెప్పేవాడు పండితుడు అన్న పాత వర్ణధర్మమే నేడు తరగతిగదిలో బల్ల ఎక్కి కూర్చున్నది. వైజ్ఞానిక దృష్టిని పెంపొందించుకోవడం పౌరుని విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ విధి బజారు బొమ్మలతో తీరదు.

మిత్రులారా! మన ఊళ్ళో కనబడే వచ్చే సూర్యగ్రహణంనాడు పిల్లలను ఆవరణలోకి తీసుకురండి. కంటితో నేరుగా చూడనీయకండి. అట్టముక్కకు సూదిబెజ్జం వేసి, కొరికిన అప్పచ్చివంటి సూర్యబింబాన్ని కాగితంమీద పట్టించండి. తన చేతిలోని కాగితంమీద గ్రహణాన్ని పట్టుకున్న పిల్లచేత, ఆ తర్వాత ఎవరు తలుపు మూయించగలరు?