టాల్‌స్టాయ్ కుర్చీ, మా ఇంటి టీవీ

పోయిన నెల మన క్లబ్ మీటింగ్‌లో ఒక ఆట పెట్టుకున్నాం, గుర్తుందా? ఒక్కొక్కరూ ఒక్కో రచయితకి ఉన్న వింత అలవాటు చెప్పాలి. ఎవరు ఎక్కువ నవ్విస్తే వాళ్ళకి క్యాంటీన్‌లో సమోసా. ఆ సమోసా నేనే కొట్టేశా. నేను చెప్పింది టాల్‌స్టాయ్ కుర్చీ సంగతి.

టాల్‌స్టాయ్‌కి చూపు తక్కువ, దగ్గరగా పెట్టుకుంటేనే అక్షరాలు కనిపించేవి. కళ్ళజోడు పెట్టుకోవడం ఇష్టం లేదు. అందుకని ఆయన చేసిన పనేంటంటే, తన కుర్చీ కాళ్ళు కోసి పొట్టి చేసుకున్నాడు. అప్పుడు కూర్చుంటే ముఖం కాగితానికి దగ్గరగా వస్తుంది. మాస్కోలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ పొట్టి కుర్చీ అక్కడ ఉంది. హార్డ్‌వేర్ ప్రాబ్లమ్‌ని ఇంకో హార్డ్‌వేర్ మార్చి సాల్వ్ చేశాడని నేనంటే అందరూ నవ్వారు.

సమోసా అరిగిపోయాక ఇంకొన్ని అలవాట్లు ఏరుకుందామని ఆయన గురించి చదవడం మొదలుపెట్టా. వచ్చే మీటింగ్‌కి కూడా స్టాక్ ఉంటుందని ఆశ. అలా ఒక చోట ఆగిపోయా. ఆగిన చోటు ఇది.

టాల్‌స్టాయ్ కొడుకు ఇల్యా పెద్దయ్యాక తండ్రి గురించి జ్ఞాపకాలు రాశాడు. అందులో 'అన్నా కరేనినా' పత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల సంగతి ఉంది. అంటే 1875 నుంచి 1877 వరకు. ప్రూఫులు ఇంటికి వచ్చేవి. టాల్‌స్టాయ్ ముందు మార్జిన్‌లో చిన్న చిన్న గుర్తులు పెట్టేవాడట. తర్వాత మాటలు మార్చేవాడు, తర్వాత వాక్యాలు, చివరికి కాగితమంతా నల్లగా అయిపోయేది. దాన్ని అలాగే పంపిస్తే ప్రెస్‌లో ఎవరికీ అర్థం కాదు. ఆ గజిబిజి చదవడం ఇంట్లో బాగా తెలిసింది ఆయన భార్య సోఫియాకి. ఆమె రాత్రంతా కూర్చుని మొత్తం శుభ్రంగా తిరగరాసేది. పొద్దున్నే పోస్టులో పంపడానికి కాగితాలు నీట్‌గా బల్ల మీద సిద్ధంగా ఉండేవి.

అప్పుడు టాల్‌స్టాయ్ వచ్చి, చివరిసారిగా ఒక్కసారి చూసి ఇచ్చేస్తానని వాటిని తన గదిలోకి తీసుకెళ్ళేవాడు. సాయంత్రానికి అవన్నీ మళ్ళీ నల్లగా! నీ పని మళ్ళీ పాడుచేశాను, ఇంకెప్పుడూ చెయ్యను, రేపు తప్పకుండా పంపేద్దాం అని భార్యకి సారీ చెప్పేవాడు. ఆ రేపు ఒక్కోసారి వారాలు, నెలలు పట్టేదని ఇల్యా రాశాడు. పంపేశాక కూడా ఏదో ఒక మాట నచ్చలేదని టెలిగ్రాం ఇచ్చి మార్పించేవాడట.

నిజం చెప్పాలంటే మొదట ఇది చదివి కూడా నవ్వా. మన ల్యాబ్ ప్రాజెక్ట్‌లో లాస్ట్ కమిట్ అయ్యాక ఇంకో చిన్న మార్పు అని రాత్రి పన్నెండుకి పుష్ చేసే టీమ్‌మేట్ గుర్తొచ్చాడు. (వాడెవడో వాడికి తెలుసు.) కానీ మనకి గిట్ ఉంది, ఎన్ని మార్పులైనా అది మోసుకుంటుంది. టాల్‌స్టాయ్‌కి గిట్ సోఫియానే. ఆమెకి చేతులు నొప్పి పుడతాయి, నిద్ర వస్తుంది.

'యుద్ధము - శాంతి' లెక్క చూడండి. టాల్‌స్టాయ్ దాన్ని 1863 నుంచి 1869 వరకు రాశాడు. ఆయన్ని పెళ్ళి చేసుకున్నప్పుడు, 1862లో, సోఫియాకి 18 ఏళ్ళు, ఆయనకి 34. నవల రాసిన ఆ ఏళ్ళలోనే ఆమెకి నలుగురు పిల్లలు పుట్టారు: సెర్గేయి 1863లో, తత్యానా 1864లో, ఇల్యా 1866లో, లెవ్ 1869లో. యాస్నయా పొల్యానాలో ఎస్టేట్ ఇల్లంటే ఏదో ప్యాలెస్‌లో హాయిగా కూర్చోవడం కాదు. పనివాళ్ళున్నా ఇంటి లెక్కలు, పిల్లల జ్వరాలు, బట్టలు కుట్టడం, వచ్చేపోయే చుట్టాలు అన్నీ ఆమె చూసుకోవాలి. అవన్నీ అయ్యి పిల్లలు పడుకున్నాక కాపీ చేయడం మొదలయ్యేది. నవలలో కొన్ని భాగాలు మళ్ళీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. మొత్తం 13 మంది పిల్లల్ని కన్నది, అందులో ఐదుగురు చిన్నతనంలోనే పోయారు.

ఆయన మాత్రం రాసుకునే టైమ్‌లో తలుపు వేసుకునేవాడు. ఆ టైమ్‌లో లోపలికి ఎవరూ వెళ్ళకూడదు, గొడవ చేయకూడదు.

నా పాయింట్ ఏంటంటే, మనం రచయితల అలవాట్లని వాళ్ళ స్వభావం అనుకుంటాం. జీనియస్ కాబట్టి అలా ఉంటాడులే అని ముచ్చటపడతాం. కానీ ఒక మనిషి అలవాటు నిలబడాలంటే చుట్టూ ఉన్నవాళ్ళు దానికి తగ్గట్టు సర్దుకోవాలి. తలుపు వేసుకోవడం ఆయన అలవాటు అయితే, ఆ తలుపు దగ్గరికి పిల్లలు వెళ్ళకుండా చూడటం ఎవరో ఒకరి డ్యూటీ. మనం చెప్పుకునే కథలో అలవాటు మాత్రమే మిగిలి, డ్యూటీ ఎగిరిపోతోంది. నేను కూడా మీటింగ్‌లో అదే చేశా.

ఇది నాకు ఇంతలా ఎందుకు తగిలిందో చెప్పడానికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

నా ఇంటర్ రెండేళ్ళూ మా ఇంట్లో టీవీ కనెక్షన్ తీసేశారు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇదే జరిగి ఉంటుంది. నాకు పొద్దున నాలుగున్నరకి లేచి చదివే అలవాటు. లేచేసరికి టీ కావాలి, ఫ్యాన్ రెండులో ఉండాలి, ఎవరూ మాట్లాడకూడదు. మా నానమ్మ తన సీరియల్ కోసం మోకాళ్ళ నొప్పులతో పక్కింటి మెట్లెక్కేది. ఎంసెట్ ర్యాంక్ వచ్చాక చుట్టాలందరూ నన్ను అడిగింది ఒకటే, రోజుకి ఎన్ని గంటలు చదివావని. నేను గొప్పగా నాలుగున్నరకి లేచేవాణ్ణి అని చెప్పేవాణ్ణి. మరి టీ ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అమ్మ నాలుగింటికి లేచేది.

ఇప్పుడు మా చెల్లి ఇంటర్ సెకండ్ ఇయర్. దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నేను హాల్లో క్రికెట్ మ్యాచ్ చూస్తున్నా, సౌండ్ బాగా పెట్టుకుని. నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే అది గ్యాస్ గట్టు పక్కన స్టూలేసుకుని ఫిజిక్స్ లెక్కలు చేసుకుంటోంది. పక్కనే కుక్కర్ కూత. ఇక్కడేంటే అని అడిగితే "హాల్లో నువ్వున్నావుగా" అంది, తలెత్తకుండానే. అమ్మనడిగితే "దానికే గొడవా లేదురా నాన్నా, ఎక్కడైనా చదివేసుకుంటుంది" అంది. మెచ్చుకుంటూనే అంది పాపం.

హాస్టల్‌కి తిరిగొస్తుంటే బస్సులో అదే ఆలోచన. చెల్లికి ఏ వింత అలవాట్లూ లేవు. ఫ్యాన్ ఎంతలో ఉన్నా పర్వాలేదు, టీ లేకపోయినా పర్వాలేదు. అది తన స్వభావం అని ఇన్నాళ్ళూ అనుకున్నా. అలవాటు చేసుకునేంత చోటు తనకి ఎవరూ ఇవ్వలేదు, అసలు విషయం అది. టీవీ నా కోసం ఆగింది, తన కోసం ఆగలేదు. ఇలా చేద్దామని ఇంట్లో ఎవరూ కూర్చుని డిసైడ్ చేయలేదు. అయినా అలాగే జరిగింది.

సోఫియాకి కూడా చెప్పుకోదగ్గ వింత అలవాటేదీ మనకి తెలియదు. కానీ ఆమె కూడా రాసేది. పెళ్ళికి ముందు ఒక కథ రాసి, పెళ్ళికి కొద్దిగా ముందే కాల్చేసింది. 1889లో టాల్‌స్టాయ్ 'క్రాయిట్జర్ సొనాటా' రాశాడు. అసూయతో భర్త భార్యని చంపే కథ అది. ఆమె దాన్ని తనకి అవమానంగా భావించింది. అయినా సెన్సార్ అడ్డుపడితే 1891లో స్వయంగా జార్ మూడో అలెగ్జాండర్‌ని కలిసి, తాను అచ్చు వేస్తున్న టాల్‌స్టాయ్ రచనల సంపుటాల్లో ఆ కథ వేసుకోవడానికి పర్మిషన్ తెచ్చింది. ఆ కథకి జవాబుగా తనే ఒక చిన్న నవల రాసింది. దాని పేరుకి అర్థం 'ఎవరి తప్పు?' అని. అది రష్యాలో అచ్చయింది 1994లో. అంటే దాదాపు నూరేళ్ళు కాగితాల్లోనే ఉండిపోయింది. భర్త పుస్తకం కోసం రాజు దాకా వెళ్ళిన మనిషి, తన పుస్తకం బయటికి రావడం చూడకుండానే 1919లో చనిపోయింది.

ఈ మాటలు నా రూమ్మేట్‌తో అంటే వాడు రెండు అభ్యంతరాలు చెప్పాడు. రెండూ న్యాయమైనవే.

మొదటిది: సోఫియా ఇష్టపడే చేసింది కదా, నీకెందుకు బాధ? నిజమే. 'యుద్ధము - శాంతి' కాపీ చేయడం తనకి ఎంతో సంతోషం ఇచ్చిందని ఆమే రాసుకుంది. ఆ నవల పుడుతుంటే పక్కన ఉన్న మొదటి పాఠకురాలు ఆమె. దాన్ని నేను కాదనను. మా అమ్మ కూడా ఇష్టంతోనే టీ పెట్టింది, అడిగితే నాకేం కష్టం అంటుంది. కానీ ఇష్టంగా చేసిన పని పని కాకుండా పోదు. ఇష్టంగా చేశారని మనం లెక్కలో రాయడం మానేస్తే, ఆ ఇష్టాన్ని వాడుకుంటున్నట్టే. ఇంకో సంగతి, టాల్‌స్టాయ్ దంపతుల కథ ఆ సంతోషం దగ్గర ఆగలేదు. 48 ఏళ్ళ కాపురం తర్వాత, 1910లో, 82 ఏళ్ళ వయసులో ఆయన ఒక రాత్రి చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆస్తపోవో రైల్వేస్టేషన్‌లో, స్టేషన్ మాస్టర్ ఇంట్లో చనిపోయాడు. ఆమె అక్కడికి చేరినా, ఆయనకి స్పృహ తప్పేదాకా ఆమెని లోపలికి రానివ్వలేదు. ఎవరిది ఎంత తప్పో తేల్చడం నా పని కాదు. కానీ ఆఖర్న కూడా ఆమె మూసిన తలుపు బయటే నిలబడిందన్నది మాత్రం నన్ను వదల్లేదు.

రెండోది: అలా సర్దుకునేవాళ్ళు లేకపోతే గొప్ప నవలలు వచ్చేవా? దీనికి నా దగ్గరున్న జవాబు టోనీ మారిసన్. ఆవిడకి 1993లో నోబెల్ వచ్చింది. ఆవిడకీ ఒక ఫేమస్ అలవాటు ఉంది: తెల్లవారకముందే లేచి, చీకట్లో కాఫీ కలుపుకుని, వెలుతురు రావడం చూస్తూ తాగి అప్పుడు రాయడం. వినడానికి కవిత్వంలా ఉంటుంది. ఆ అలవాటు ఎలా మొదలైందో ఆవిడే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. విడాకుల తర్వాత ఇద్దరు కొడుకుల్ని ఒక్కతే పెంచుతూ, పబ్లిషింగ్ కంపెనీలో ఎడిటర్ ఉద్యోగం చేసేది. పిల్లలు లేచి అమ్మా అని పిలిచేలోపు దొరికే టైమ్ అదొక్కటే. అంటే ఆవిడ అలవాటు కోసం ఇల్లు సర్దుకోలేదు, ఇంటికి తగ్గట్టు ఆవిడే అలవాటు చేసుకుంది. ఆ కష్టం అందరూ పడాలని నా ఉద్దేశం కాదు, అది కూడా అన్యాయమే. కానీ గొప్ప నవల రావాలంటే ఇంకొకరి రాత్రులు కరగాల్సిందే అన్న రూల్ మాత్రం లేదు.

టాల్‌స్టాయ్‌ని చదవడం మానేయమని నేను అనట్లేదు. 'అన్నా కరేనినా' ఇంగ్లీషులో ఇప్పుడే సగం అయింది, ఆపలేకపోతున్నా. ఆడవాళ్ళ ఇంటి అలసట గురించి అందులో డాలీ ఉన్న పేజీలు చదివితే, ఈయనకి ఇంత ఎలా తెలుసు అనిపిస్తుంది. తెలిసి కూడా సాయంత్రానికి కాగితాలు నల్లగా చేసేవాడు. రెండూ ఒకే మనిషి.

మన మ్యాగజైన్‌కి మాత్రం ఒక చిన్న ప్రపోజల్. ప్రతి సంచికలో రచయిత పరిచయం వేస్తాం కదా, అందులో "అర్ధరాత్రి దాటాకే రాస్తాడు", "టీ లేనిదే పెన్ను కదలదు" లాంటివి సరదాగా రాసుకుంటాం. వాటి కింద ఇంకో లైన్ కలుపుదాం: ఆ టైమ్‌లో ఎవరు సర్దుకున్నారో. అమ్మ కావచ్చు, లైట్ వెలుతుర్లో పడుకున్న రూమ్మేట్ కావచ్చు, మెస్‌లో ఫ్లాస్క్ నింపి పెట్టిన అన్న కావచ్చు. థ్యాంక్స్ కోసం కాదు, లెక్క సరిగ్గా ఉండటం కోసం.

నా వంతు నేను మొదలుపెట్టా. దసరా తర్వాత ఒక వీకెండ్ ఇంటికెళ్ళి, హాల్లో బల్ల నా పుస్తకాలు తీసేసి చెల్లికి ఇచ్చేశా. ఆదివారం నాలుగున్నరకి లేచి టీ పెట్టా. అది అనుమానంగా చూసి, ఏం కావాలి నీకు అనడిగింది. ఏం వద్దన్నాను. ఒక గుక్క తాగి, చక్కెర ఎక్కువైంది, ఈసారి తగ్గించు అంది. ఇంకా ఫ్యాన్ మూడులో పెట్టమంది.