నాలుగింట మూడొంతుల మందిని పక్కన కూర్చోబెట్టి ఏం సంస్కరణ?

బడిలో తల్లిదండ్రుల సమావేశమంటే ఇప్పుడు ఒక తంతు. పైవాళ్లు మాట్లాడతారు, కిందివాళ్లు వింటారు, సంతకాలు పెట్టి వెళ్లిపోతారు. దీన్నే భాగస్వామ్యం అంటున్నారు. చదువుల మీద వ్యాసాలు రాసేవాళ్లు మీడియం గురించి, పోస్టుల గురించి, భవనాల గురించి తగువులాడుకుంటారు. చట్టంలోని ఒక్క అంకెను మాత్రం ఎవరూ ఎత్తరు: నాలుగింట మూడొంతులు.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం అంతమంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం ఆడవాళ్లు. 22వ సెక్షన్ ఇంకా గట్టిది: కమిటీ రాసిన అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ నిధులకు ఆధారం. అంటే ముందు బడిలో మాట, తర్వాతే సచివాలయంలో లెక్క.

తెలంగాణలో 2019 నవంబర్‌లో ఎన్నికైన కమిటీల గడువు రెండేళ్లు. మళ్లీ ఎన్నికలు జరిగింది 2024 జనవరిలో! ఆ వెంటనే మహిళా సంఘాల నాయకత్వంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, మరమ్మతుల పనులు వాటికి అప్పగించారు. మరుగుదొడ్లు, తాగునీళ్లు కావలసినవే. కానీ మూడొంతుల తల్లిదండ్రులతో ఓ కమిటీ ఉండగా, డబ్బు దగ్గరికొచ్చేసరికి ఇంకో కమిటీ ఎందుకు? ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ పెట్టారు. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టారు సరే, వచ్చినవాళ్లు చెప్పినదాంట్లో ఏది ప్రణాళికలోకి ఎక్కింది?

సికింద్రాబాద్‌లోని కార్ఖానా సంగతి మరీ అన్యాయం. ఇది కంటోన్మెంట్ ప్రాంతం. 2021 నుంచి ఎన్నికైన బోర్డే లేదు. నిలదీయడానికి వార్డు సభ్యుడు లేని చోట, సర్కారు బడి పిల్లవాడి తల్లికి ఓటున్న స్థానిక వేదిక బడి యాజమాన్య కమిటీ ఒక్కటే. ప్రైవేటు బడికి పంపే ఇళ్లకు అదీ లేదు. ప్రభుత్వ సాయం తీసుకోని బడులను 21వ సెక్షన్ నుంచి తప్పించారు.

పేదవాళ్లు వచ్చినా నోరు విప్పరని కొందరు హెచ్‌ఎంలు అంటారు. కూలి పోగొట్టుకుని పగటిపూట రావడం కష్టమన్నది నిజమే. అయితే సాయంత్రం పెట్టండి. నోరు విప్పరన్న మాటకు జవాబు కార్ఖానా పక్కనే మారేడ్‌పల్లిలో ఉంది. అక్కడి స్వచ్ఛంద సంస్థ ఎంవీ ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో తల్లిదండ్రులను, యువకులను, టీచర్లను, పిల్లలను పనిలో పెట్టుకున్న ఆసాములను కూడా ఒకచోట కూర్చోబెట్టింది. పేదరికం వల్లే పిల్లల్ని బడికి పంపరన్న పండితుల మాట అక్కడ నిలబడలేదు. పంపాలని వాళ్లకుంది. అడ్డం వచ్చింది బడే: వయసు మించిన పిల్లల్ని చేర్చుకోని పద్ధతి, కాగితాల పేచీ, టీచర్ల చీదరింపు. ఏ సర్వే ఫారంలోనూ ఈ గడులు లేవు. మాట్లాడుకుంటేనే బయటపడ్డాయి. వేలమంది పిల్లలు పని మాని బడిలో చేరారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. ఆ పద్ధతిని మాత్రం ఏ ప్రభుత్వమూ ప్రతి బడికీ తీసుకెళ్లలేదు.

ఇక కొత్త పథకం పేరు వద్దు, కొత్త కమిటీ వద్దు. తల్లిదండ్రులు కూర్చుని రాసుకున్న ప్రణాళిక లేకుండా బడికి డబ్బు కేటాయించే ప్రతి ఉత్తర్వూ 22వ సెక్షన్‌ను తుంగలో తొక్కుతోంది. ఈ ఏడాది ఆ ప్రణాళికలో ఏం అడిగారో, ఎంత ఇచ్చారో, ఏది ఎందుకు కాదన్నారో ప్రతి బడి గోడ మీదా తెలుగులో, ఉర్దూలో రాయించండి. రాయించలేని అధికారి ఆ మూడొంతుల మంది ముందుకు వచ్చి కారణం చెప్పాలి.