కిలోమీటర్లను బట్టే కారు ప్రీమియం.. మీ బండి లెక్క కరెక్టేనా?

మీ కారు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? ఎవరిని అడిగినా 'ఓ ఐదారు వేలు ఉంటుందేమో' అంటారు. నిన్నమొన్నటి వరకు ఈ ఉజ్జాయింపు లెక్కతో వచ్చిన నష్టమేమీ లేదు. ఇప్పుడు అదే లెక్క నేరుగా జేబు మీద పడుతోంది. కారణం.. 'పే యాజ్ యూ డ్రైవ్' ఇన్సూరెన్స్.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలో ఈ విధానానికి ఓకే చెప్పింది. తక్కువ తిరిగే బండికి తక్కువ ప్రీమియం.. సింపుల్‌గా ఇదీ కాన్సెప్ట్. సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే 'ఓన్ డ్యామేజ్' కవర్‌కే ఇది వర్తిస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియంలో మార్పు ఉండదు. సాధారణంగా పాలసీ తీసుకునేటప్పుడే కిలోమీటర్ల శ్లాబ్ ఎంచుకోవాలి. లిమిట్ దాటేలా ఉంటే టాపప్ కొనుక్కోవాలి. లేదంటే పాలసీ షరతులను బట్టి క్లెయిమ్‌లో కోత పడొచ్చు.

ఆఫీస్ లెక్క ఒక్కటే చాలదు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఉదాహరణకు ఆఫీస్ 12 కిలోమీటర్ల దూరం అనుకుందాం. రానూపోనూ 24. నెలకు 22 రోజులు లెక్కేస్తే 528. అంటే ఏడాదికి 6,336 కిలోమీటర్లు. '7,500 శ్లాబ్ సరిపోతుందిలే' అనిపిస్తుంది. కానీ సంక్రాంతి, దసరా, పెళ్లిళ్ల ప్రయాణాల మాటేంటి? ఊరు 275 కిలోమీటర్ల దూరంలో ఉంటే, నాలుగుసార్లు వెళ్లొచ్చేసరికి 2,200. వారాంతాల్లో 20 చొప్పున తిరిగినా మరో 1,040. మొత్తం 9,576. అనుకున్నదానికంటే 3,240 ఎక్కువ!

ఇంతకంటే తేలికైన దారి ఉంది. పాత సర్వీసింగ్ బిల్లులు రెండు తీయండి. వాటిపై తేదీ, మీటర్ రీడింగ్ రెండూ ఉంటాయి. రీడింగుల తేడాను మధ్యలో గడిచిన రోజులతో భాగించి, 365తో గుణిస్తే ఏడాది లెక్క తేలిపోతుంది. రెండు బిల్లుల మధ్య ఏడాది గ్యాప్ ఉంటే పండగ ప్రయాణాలూ అందులో కలిసిపోతాయి.

మరి మీటర్ నిజమే చెబుతోందా?

ఓడోమీటర్ రోడ్డును కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి, దాన్ని దూరంగా మారుస్తుంది. అందుకే టైర్ సైజ్ కీలకం. కొత్త టైర్‌పై గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. అరిగి 1.6కు చేరితే మార్చేయాల్సిందే. ఆ అరుగుదలతో చుట్టుకొలత సుమారు 2 శాతం తగ్గుతుంది. అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. కాబట్టి మీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. కంపెనీ సైజ్ కంటే పెద్ద టైర్లు వేస్తే సీన్ రివర్స్.. తక్కువ చూపిస్తుంది.

చెక్ చేయడం ఇలా

హైవేపై కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటర్‌ను జీరో చేయాలి. 20 కిలోమీటర్ల తర్వాతి రాయి దగ్గర రీడింగ్ చూడాలి. ఈ పని పక్క సీట్లో ఉన్నవారికి అప్పగించడం బెటర్. 20.4 చూపిస్తే మీటర్ 2 శాతం ఎక్కువ చెబుతున్నట్టు. రోడ్డు విస్తరణలో రాళ్లు జరిగి ఉండొచ్చు కాబట్టి ఫోన్‌లోని జీపీఎస్‌తోనూ సరిచూసుకోవాలి. వంపులు లేని రోడ్డు అయితే జీపీఎస్ లెక్క కచ్చితంగా వస్తుంది.

అసలు పాయింట్ ఏంటంటే.. మీటర్ తేడా వందల్లో ఉంటే, మన అంచనాలో తేడా వేలల్లో ఉంటోంది. పై ఉదాహరణలో 2 శాతం అంటే 190 కిలోమీటర్లే. కాబట్టి ముందు సరిచేసుకోవాల్సింది మన లెక్కనే.

పాలసీ మొదలైన రోజే మీటర్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. మూడు నెలలకోసారి రీడింగ్ చూడండి. 10,000 శ్లాబ్‌లో మొదటి మూడు నెలలకే 2,500 దాటేస్తే.. టాపప్ గురించి అప్పుడే ఆలోచించడం మంచిది. యాక్సిడెంట్ అయ్యాక మీటర్ చూసుకుంటే లాభం లేదు.